కార్డుంటే క్యాన్సర్ మందు ఫ్రీ అంటున్నారు. మరి చందా డబ్బు దేనికివ్వాలి? (గుణుపురం పాప)

వంశధార_గట్టు
మాది ఒడిశాలో గుణుపురం. మా వీధిలో ఆటో నడిపే కుర్రాడి కూతురికి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఆరేళ్ళ పాప. జ్వరం వస్తూ పోతూ ఉంటే ముందు మలేరియా అన్నారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు. రాత్రిళ్ళు కాళ్ళు లాగేస్తున్నాయని ఏడిస్తే ఎదిగే వయసు నొప్పులనుకున్నారు ఇంట్లో. చివరికి మా ఆశా దీదీ పాప మొహం తెల్లగా పాలిపోవడం, తొడల మీద కమిలిన మచ్చలు చూసి, ఊరుకోకుండా వెంటపడి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపించింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని రాశారు.

వీధిలో చందా పోగేశాం, కొంత చేరింది. ఇప్పుడు తలో మాట. సర్కారు ఆరోగ్య కార్డుంది, అంతా ఫ్రీ, చందా ఎందుకని కొందరు. సర్కారు ఆసుపత్రిలో ఎవరు చూస్తారు, ఈ డబ్బుతో పెద్ద ప్రైవేటుకి తీసుకుపొమ్మని కొందరు. తండ్రేమో ఉన్న అరెకరం అమ్మేస్తానంటున్నాడు. నానమ్మకి అసలు ఊరు దాటించడమే ఇష్టం లేదు. విశాఖకా, కటకానికా? డబ్బు ఎవరి చేతికివ్వాలి, దేనికివ్వాలి? ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి.

మజ్జిగౌరి_దయ
ముందు ఆ పొలం అమ్మకుండా ఆపండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

జేపూర్_జంక్షన్
ఫ్రీ అన్నది బోర్డు మీద మాట. క్యాన్సరంటే లక్షలే. గుండె దిటవు చేసుకోమనండి. ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికి బట్టకట్టడం నేనైతే చూడలేదు.

వార్డు_అక్క
జేపూర్ గారూ, మీరు చూడలేదేమో గానీ నేను చూస్తున్నాను. మాది బరంపురం, పిల్లల క్యాన్సర్ వార్డులోనే నా ఉద్యోగం. పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఈ లుకేమియానే. మందుకి బాగా లొంగేవాటిలో ఇదొకటి. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తోంది. పేద దేశాల్లో అది 30 శాతం లోపే. 2030కల్లా కనీసం 60 శాతానికి చేర్చాలని 2018లో ప్రపంచవ్యాప్తంగా ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టారు. జబ్బు రెండు చోట్లా ఒకటే. ఇక్కడ ఆలస్యంగా తెలుస్తుంది, మందు అందదు, అన్నిటికన్నా బాధ ఏంటంటే మధ్యలో వైద్యం మానేస్తారు.

గట్టు గారూ, ఇది మొత్తం రెండు రెండున్నరేళ్ళ వైద్యం. మొదటి నెలా నెలన్నర గట్టి కీమో, నడుములో సూదులు, రక్తం ఎక్కించడం. ఆ తర్వాత కొన్ని నెలలు వస్తూ పోతూ ఇంజెక్షన్లు. ఆఖరున పొడుగాటి దశ, ఇంటి దగ్గరే మాత్రలు, అప్పుడప్పుడూ చెకప్. మొదటి నెలలో చందాలిచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. పద్నాలుగో నెలలో ఎవరూ ఉండరు. మీ డబ్బు ఆ పద్నాలుగో నెలకి పనికొచ్చేలా చూడండి.

నానమ్మ గారికి చెప్పండి, ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరి పాపం వల్లా వచ్చింది కాదు. దేవుడికి మొక్కుకోవచ్చు, తాయెత్తు కట్టుకోవచ్చు. పసరు మాత్రం కడుపులోకి పోకూడదు.

గజపతి_కుర్రోడు
తల్లి వాళ్ళ పుట్టిల్లు ఆంధ్రా వైపా? మా పర్లాకిమిడిలో చాలామంది పాతపట్నం చుట్టాల కార్డులో పేరు ఎక్కించుకుని అక్కడి వైద్య సేవ పథకం వాడుకోవాలని చూస్తుంటారు. అలా అయితే విశాఖలో తేలిక కదా?

ఫార్మసీ_తమ్ముడు
ఆ సలహా వద్దు బ్రో. ఆధార్ ఒక్కటే, దానికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు కుదరవు. ఆ వేటలో ఉన్న కార్డు కూడా రద్దయితే పిల్లకి ఏదీ ఉండదు. పైగా ఆ అవసరం కూడా లేదిప్పుడు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఒకటే కార్డు. ఇంటికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఒడిశా పాత బిజూ ఆరోగ్య కార్డులా కాకుండా ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. బయల్దేరే ముందు 14555కి ఫోన్ చేసి ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో అడగండి. పాప పేరు కార్డులో ఉందా? చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పేర్లే ఉంటాయి, చివరి పిల్లల పేరు ఎక్కించరు. అది ఇవాళే చూడమనండి.

వంశధార_గట్టు
ఇప్పుడే వెళ్ళి చూశాను తమ్ముడూ. నువ్వన్నట్టే, పాప ఆధార్ ఉంది గానీ కార్డులో పేరు లేదు. పొద్దున్నే సేవా కేంద్రానికి తీసుకెళ్తున్నా.

విశాఖ_వలస
మాది రాయగడ, గాజువాకలో ఉంటున్నాం. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ముంబై టాటా మెమోరియల్ వాళ్ళదే, కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ కింద నడుస్తుంది. గుణుపురం నుంచి నౌపడ మీదుగా వచ్చే పాసింజరు ఎక్కితే విశాఖలో దిగొచ్చు, అక్కణ్ణుంచి గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా బస్సు. కటకం కన్నా మనకి ఇదే దగ్గర, పైగా తెలుగు మాట్లాడతారు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి భోజనం దొరుకుతుంది, వెంట ఉండేవాళ్ళకి అది పెద్ద ఆసరా.

బరంపురం_సిల్క్
కటకం అని ఎందుకు తీసిపారేస్తున్నారు? ఆచార్య హరిహర్ మన రాష్ట్రం క్యాన్సర్ ఆసుపత్రి. సర్కారు ఉచిత మందుల పథకం నిరామయ కింద కీమో మందులు అక్కడ ఉచితం. సర్కారు ఆహార్ కేంద్రంలో 5 రూపాయలకి దాల్మా అన్నం పెడతారు. మా మేనత్త వైద్యం అక్కడే జరిగింది, కార్డుకి ఎవరూ ఇది కాదు అది కాదు అనలేదు.

విశాఖ_వలస
తీసిపారెయ్యలేదు సిల్క్ గారూ. దాల్మా దగ్గర మాత్రం మీరే గెలిచారు.

వార్డు_అక్క
రెండూ మంచివే. దూరం, తోడు ఎవరుంటారు, గది దొరుకుతుందా, ఇవి చూసుకుని ఒకటి ఎంచుకుని అక్కడే చివరిదాకా ఉండండి. సగంలో ఇక్కణ్ణుంచి అక్కడికి మారడమే పిల్లలకి చేటు. జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఇస్తున్నారు కదా అని ఎవరైనా అనొచ్చు. అది పెద్దవాళ్ళకి బాగా ఉపయోగం. పిల్లల లుకేమియా మాత్రం పిల్లల క్యాన్సర్ డాక్టర్ ఉన్న చోటే మొదలవ్వాలి.

జేపూర్_జంక్షన్
అక్కా, మీ మాట కాదనను. మా అన్నయ్య కొడుకు విషయంలో జరిగింది చెప్తాను, నా కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. పెద్ద ఊళ్ళో ఒక ప్రైవేటుకి పట్టుకెళ్ళాం, పేరు వద్దు. చేర్చుకున్నప్పుడు కార్డు చూడనేలేదు. చేతిలో డబ్బు ఉన్నన్నాళ్ళూ బాగా చూశారు, అయిపోయాక ప్రభుత్వానికి తీసుకెళ్ళిపోండన్నారు. ఇచ్చిన మందులేవో, ఎంత ఇచ్చారో రాసిన కాగితం కోసం అన్నయ్య బతిమాలుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఇల్లు తాకట్టులో ఉంది. కుర్రాడు దక్కలేదు.

వార్డు_అక్క
అయ్యో. మీ కోపం న్యాయమే.

అందరికీ ఒక మాట. ఎక్కడ చేరినా మందుల చార్టు నకలు, బోన్ మారో రిపోర్టు, బిల్లులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆ ఫైలుంటే రెండో ఆసుపత్రిలో మళ్ళీ మొదటికి రాదు.

చిన్నోడి_అమ్మ
మా బాబుకి ఇదే జబ్బు. వైద్యం పూర్తయింది, ఇప్పుడు ఏడో తరగతి. నేను చెప్పేది వినండి.

మందుకి మా చేతి డబ్బు పెద్దగా పోలేదు, కార్డు భరించింది. పోయిందంతా మిగతా వాటికి. ఆసుపత్రి దగ్గర గది అద్దె, దానికి అడ్వాన్సు. చిన్న గ్యాస్ స్టవ్వు, కుక్కరు. బయట అన్నం పెట్టొద్దన్నారు, నీళ్ళు కాచి చల్లార్చే ఇవ్వాలి, కోసిన పళ్ళు కొనకూడదు. రక్తకణాలు పడిపోయినప్పుడు బాబుని బస్సు ఎక్కించకూడదు, ఆటోకి ఎంతడిగితే అంత. మా ఆయన తాపీ పని మానేసి తిరగడంతో ఇంటికి వచ్చే రూపాయి లేదు. ఊళ్ళో చిన్నదాన్ని అత్తగారి దగ్గర వదిలేశాం. అది స్కూలు మానేసింది, దాని ఊసే మాకు లేదు అప్పట్లో.

మొదటి నెల స్టెరాయిడ్ మాత్రలతో బాబుకి ఆకలే ఆకలి. అర్ధరాత్రి రెండింటికి లేచి పప్పు, వడియాలు కావాలని ఏడుపు. వార్డులో అందరూ పడుకుంటే వాడికి ఏం తెచ్చి పెట్టను? బుగ్గలు పొంగిన పూరీల్లా అయ్యాయి. చూసినవాళ్ళంతా ‘ఒళ్ళు చేశాడు, తగ్గిపోయింది’ అనేవారు. తర్వాత రిపోర్టులో జబ్బు కణాలు కనిపించలేదన్నారు. ఇక చూడండి. మా మామగారు ‘తగ్గాక కూడా సూదులేంటి, గుంటడ్ని హింస పెట్టొద్దు’ అని మొదలుపెట్టారు. చేతిలో డబ్బూ లేదు. నిజం చెప్తున్నా, మానేద్దామనే అనుకున్నాం. మా ఊరి మాస్టార్లు కొందరు కలిసి ప్రతి నెలా మొదటి వారంలో నా అకౌంట్లో కొంచెం వేసేవారు, ‘ఈ నెల వెళ్తున్నారా అమ్మా’ అని ఒక ఫోన్ చేసేవారు. ఆ ఫోన్ వస్తుందని వెళ్ళేవాళ్ళం. ఆ వార్డులో మాతో పాటు ఉన్న ఒకావిడ పాపని అలా అడిగేవాళ్ళు లేక తీసుకెళ్ళిపోయారు. జబ్బు తిరగబడిందని తర్వాత తెలిసింది.

మజ్జిగౌరి_దయ
అమ్మా, మీ మాటలు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

గట్టు గారూ, అయితే మొత్తం ఒక్కసారి ఇవ్వొద్దు. నెలకి ఇంతని తల్లి అకౌంట్లో. బిల్లులు చూపించమని అడగండి, లెక్క ఉండాలి కదా.

చిన్నోడి_అమ్మ
బిల్లులు అడగకండి. కొబ్బరి బోండానికి, ఆటోకి బిల్లు ఎవరిస్తారు? పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ తల్లి వీధిలో వాళ్ళకి లెక్క అప్పచెప్పాలా? ఇచ్చినవాళ్ళ లెక్క మీరు రాసుకోండి. ఆమె ఖర్చు ఆమెకి తెలుసు.

మజ్జిగౌరి_దయ
చందా ఇచ్చినవాళ్ళు రేపు నన్నడిగితే నేనేం చెప్పను? ఊరి డబ్బు అన్నాక లెక్క చూపించాల్సిందే. దీని మీద మనిద్దరికీ కుదరదు.

పర్లాకిమిడి_మాస్టారు
లెక్క రాయండి, మీ పుస్తకంలో. ఏ నెల ఎంత ఇచ్చారు, ఆ నెల పాప ఆసుపత్రికి వెళ్ళిందా లేదా, ఈ రెండూ చాలు. అది చూపిస్తే ఎవరూ కాదనరు.

నేను రాద్దామనుకున్నది వేరే. ఈ పాప తెలుగింటి పిల్ల, విశాఖలో మాట ఇబ్బంది ఉండదు. మన చుట్టూ ఉన్న సవర ఊళ్ళ పిల్లల సంగతేంటి? ఈ మధ్య గుమ్మ బ్లాకు నుంచి ఒక సవర కుటుంబానికి తోడుగా వెళ్ళాను. బాబు పొట్టలో కుడివైపు గట్టిగా గడ్డ, కిడ్నీలోది. డాక్టరమ్మ తెలుగులో చెప్తుంది, తండ్రి తలూపుతాడు. బయటికొచ్చి ఏం అర్థమైంది నాయనా అంటే, రేపు ఇంటికెళ్ళిపోమన్నారు అన్నాడు. ఆవిడ చెప్పింది ఆపరేషన్ గురించి! గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని నిఘంటువు రాశారు. వందేళ్ళ తర్వాత వార్డులో ఆ మాట చెప్పేవాడు ఒక్కడు లేడు. సవర, కోందుల కువి భాష వచ్చిన చదువుకున్న పిల్లలు మన ఊళ్ళల్లోనే ఉన్నారు. ఫోన్లో స్పీకరు పెట్టి మాట్లాడినా చాలు. అలాంటి నలుగురి పేర్లు జమచేసి ఆసుపత్రి సోషల్ వర్కరుకి ఇద్దామని నా ఆలోచన. ఎవరైనా కలుస్తారా?

గజపతి_కుర్రోడు
మాస్టారూ నాకు సవర వచ్చు. నా నంబరు మీకు విడిగా పంపుతా. మా హాస్టల్లో ఇంకో ఇద్దరున్నారు.

సిరోంచ_బాబాయ్
ఇదంతా చదువుతుంటే మా గడ్చిరోలి గోడే. ఇక్కడ మాది మహారాష్ట్ర కార్డు, మహాత్మా ఫులే యోజన. నాగపూర్ వెళ్తే కార్డు నడుస్తుంది, మరాఠీ సరిగా రాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తే మాట నడుస్తుంది. గోదావరి దాటితే తెలంగాణే అయినా ఎప్పుడూ ఏదో ఒకటి అటూ ఇటూ. హద్దు ఊళ్ళ బతుకు ఎక్కడైనా ఇంతే. దూరం వెళ్ళేవాళ్ళు రైల్వే రాయితీ మర్చిపోవద్దు. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తి ఉచితం, వెంట ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రిలో ఫారం రాయించుకుని స్టేషన్ కౌంటర్లో తీసుకోవాలి.

నాగావళి_నీరు
పాప ఫొటో, బ్యాంకు నంబరు నాకు వాట్సాప్‌లో వచ్చాయి. పాలిపోయిన మొహంతో. ఎవరు పెట్టారో గానీ తీయించండి గట్టు గారూ.

జేపూర్_జంక్షన్
ఫొటో లేకపోతే ఎవరూ పైసా రాల్చరు. జనం సంగతి మీకు తెలీదు.

చిన్నోడి_అమ్మ
మా బాబు ఫొటో ఇంకా తిరుగుతోంది. నిరుడు స్కూల్లో ఎవడో ఫోన్లో చూపించి నువ్వు చచ్చిపోయే జబ్బోడివట కదా అన్నాడు. వాడు మూడు రోజులు బడికి పోనన్నాడు. పెద్దయ్యాక ఆడపిల్లకి ఆ ఫొటో ఏం చేస్తుందో ఆలోచించండి.

వంశధార_గట్టు
పెట్టినవాడు మా వీధి కుర్రాడే, మంచికే అనుకున్నాడు. చెప్పాను, తీసేశాడు. బయటికి పోయినవి ఎలా వెనక్కి వస్తాయో మరి.

నాగావళి_నీరు
అడగాల్సిన మాట ఒకటుంది. ‘ఆడపిల్లే కదా’ అనే మాట ఆ ఇంట్లో వినిపిస్తోందా? పిల్లల క్యాన్సర్ వార్డుల్లో మన దేశంలో ఎప్పుడూ మగపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. ఆడపిల్లలకి జబ్బు రాక కాదు, తీసుకురాక.

వంశధార_గట్టు
నానమ్మ అన్నది. తండ్రి మాత్రం అమ్మేది తన కూతురి కోసమే అని గట్టిగా నిలబడ్డాడు. అందుకే వాడి పొలం పోకూడదని మా తాపత్రయం. ఇంకో చిక్కు. ఆటో ఫైనాన్సులో ఉంది. రెండు కిస్తీలు ఆగితే పట్టుకుపోతారు.

మజ్జిగౌరి_దయ
ఇదిగో దొరికింది! చందా కిస్తీకి కట్టండి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు స్టాండులో వాళ్ళే ఆ ఆటో నడిపి రోజు డబ్బు ఇంట్లో ఇస్తే పాప ఆసుపత్రి రెండున్నరేళ్ళూ నడుస్తుంది. నాకు లెక్కా దొరుకుతుంది, ఆ అమ్మకి బిల్లూ అక్కర్లేదు.

చిన్నోడి_అమ్మ
ఇది నాకు నచ్చింది అన్నయ్యా. మాకు ఈ ఆలోచన ఎవరూ చెప్పలేదు.

ఫార్మసీ_తమ్ముడు
మాత్రల దశకి వచ్చాక ఒకటి గుర్తుంచుకోండి. 6-ఎంపీ మాత్ర రోజూ వేస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. ఇది రోజూ వేస్తే ప్రాణాల మీదికొస్తుంది. రెండూ చిన్న పసుపు మాత్రలే, చదువు రాని ఇంట్లో కలిసిపోతాయి. వేరే వేరే డబ్బాల్లో పెట్టి, గోడ క్యాలెండర్ మీద మెథోట్రెక్సేట్ రోజుకి ఎర్ర చుక్క పెట్టివ్వండి.

వార్డు_అక్క
తమ్ముడు చెప్పింది బంగారం. ఇంకో రెండు. ఒళ్ళు వెచ్చబడి 100.4 దాటితే మాత్ర వేసి పొద్దున దాకా చూద్దాం అనుకోకూడదు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికే. థర్మామీటర్ కొనివ్వండి. రెండోది, వీధిలో ఏ ఇంట్లోనైనా పిల్లలకి అమ్మవారు పోస్తే పాపని అటు పంపొద్దు, దగ్గరికి వెళ్ళిందని తెలిస్తే మచ్చలు కనిపించే దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. కీమోలో ఉన్న పిల్లలకి ఆటలమ్మ చాలా ప్రమాదం.

విశాఖ_వలస
ప్లేట్‌లెట్లు అడుగుతారు మొదటి నెలలో. అవి అయిదు రోజుల కన్నా నిలవుండవు, గుణుపురంలో ఇచ్చి పంపేది కాదు. ఇక్కడ గాజువాకలో మన వైపు కుర్రాళ్ళు చాలామందిమి ఉన్నాం. 18 దాటి, 50 కిలోలు పైన ఉండి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకోనివాళ్ళ జాబితా చేస్తున్నా. పాప గ్రూపు చెప్పండి.

వంశధార_గట్టు
బి పాజిటివ్. విశాఖకే అనుకున్నాం, కార్డులో పేరు ఎక్కగానే బయల్దేరతారు. ఆటో స్టాండులో మాట్లాడాను, నలుగురు ముందుకొచ్చారు.

జేపూర్_జంక్షన్
మొదటి కిస్తీ నాది. అన్నయ్య కొడుకు పేరు మీద.

కొత్త_మెంబరు_మునిగుడ
ఇక్కడ అడగొచ్చో లేదో. మా చెల్లి కొడుకు ఏడాదిన్నరవాడు. రాత్రిపూట ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా మెరుస్తోంది. పిల్లి కన్నులా. వాడు బాగానే ఆడుకుంటున్నాడు. కొంచెం మెల్లకన్ను కూడా ఉంది, పెద్దయితే పోతుందంటున్నారు.

వార్డు_అక్క
పెద్దయ్యే దాకా ఆగొద్దు. ప్రతిసారీ అదే కావాలని లేదు, కానీ కంటి లోపల వచ్చే క్యాన్సర్ ఒకటి ఇలాగే బయటపడుతుంది, రెటినోబ్లాస్టోమా అంటారు. తొందరగా దొరికితే ప్రాణానికి ఢోకా ఉండదు, చాలాసార్లు కన్నూ దక్కుతుంది. రాయగడలో ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి కేంద్రం ఉంది, రేపే వెళ్ళండి. కంటిపాప వెడల్పయ్యేలా చుక్కలు వేసి లోపల చూడమని అడగండి. అవసరమైతే వాళ్ళే విశాఖకో భువనేశ్వర్‌కో రాసి పంపుతారు. ఆ ఫొటో ఫోన్లోంచి చెరపకండి, డాక్టరుకి చూపించాలి.

కొత్త_మెంబరు_మునిగుడ
రేపు బావ ఊళ్ళో లేడు అక్కా. ఎల్లుండి వెళ్తే?

మజ్జిగౌరి_దయ
నేను రాయగడలోనే ఉంటాను. మీ చెల్లిని, బాబుని పొద్దున రైలెక్కించండి, స్టేషన్ నుంచి నేను తీసుకెళ్తాను. ఏ బండో రాయండి.